కథలో మంత్రగత్తె, ఊళ్లో నాగమ్మ

సైకాలజీ చదివి కౌన్సెలర్లుగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు పాల్వంచలో మా ఇంటికి వస్తుంటారు. ఎవరో ఒకరు నా పేరు చెప్పి పంపిస్తారు. టీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అందరూ అడిగేది ఒకటే: "మేడం, మీ సర్వీసులో బాగా తృప్తినిచ్చిన కేసు ఏదైనా చెప్పండి."

తృప్తినిచ్చినవి లేకపోలేదు. కానీ వాటి వల్ల నేను నేర్చుకున్నది తక్కువ. నా దగ్గర బాగుపడ్డారనుకున్న పిల్లల్లో చాలామంది నేను లేకపోయినా బాగుపడేవాళ్లే. ఒకరికి మంచి టీచరు దొరికింది, ఒకరికి ఇంట్లో తాగుడు తగ్గింది, ఇంకొకరికి వయసు పెరిగింది. ఆ మంచి పేరు మేం మా ఖాతాలో రాసుకున్నాం. ఈ ఉద్యోగం అసలు ఎలాంటిదో నాకు తెలియజెప్పిన కేసు వేరే ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తల వంగిపోతుంది. అడిగిన పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఊరి పేరు రాయడం లేదు.

బొమ్మలు

నాకు భద్రాచలంలో, ప్రభుత్వ దవాఖానాలో, ఎక్స్‌రే గది పక్కన ఒక చిన్న గది ఇచ్చారు. వారంలో కొన్ని రోజులు అక్కడ, మిగతా రోజులు చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల్లో. అప్పటికింకా జిల్లాలు విడిపోలేదు. పిల్లలతో పనిచేయడానికి వచ్చిన మొదటి మనిషిని నేనే. అందువల్ల ఈ పని ఎలా చేయాలో చెప్పేవాళ్లు లేరు. తప్పు చేస్తే పట్టుకునేవాళ్లూ లేరు.

అడవి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు నాతో మాట్లాడేవాళ్లు కాదు. వాళ్ల ఇంట్లో కోయ భాష, బడిలో పుస్తకాల తెలుగు, నాదేమో పాల్వంచ కాలనీ తెలుగు. "నీకేం బాధ?" అని అడిగితే గోడకేసి చూసేవాళ్లు. అందుకని పాత చీర ముక్కలతో బొమ్మలు కుట్టించాను. రాజు, రాణి, రాజకుమారుడు, రాజకుమార్తె, రాక్షసుడు, మంత్రగత్తె, దారి చూపే పేదరాశి పెద్దమ్మ. ఏ ఊరి కథ విన్నా మనుషులు ఇంతకు మించి ఉండరు. బయలుదేరేవాడు ఒకడు, పంపించేవాడు ఒకడు, అడ్డం పడేవాడు ఒకడు, చేయందించే ముసలమ్మ ఒకతె. భాష రాని పిల్లకు కూడా ఈ పాత్రలు తెలుసు. "ఈ బొమ్మలతో ఒక కథ చెప్పు" అంటే చెప్తారు. చెప్తూ చెప్తూ ఏ బొమ్మకు తన ఇంట్లో ఎవరి పేరు పెడుతోందో చూస్తే, నోటితో చెప్పలేనిది బయటపడుతుంది. మన లోపలి కోపాన్ని, భయాన్ని తీసి ఎదుటివాళ్ల మీద పెట్టి చూసుకోవడం మనసుకు అలవాటు. పెద్దవాళ్లం కూడా రోజూ చేసే పనే. పిల్లలు బొమ్మల మీద చేస్తారు, అంతే.

మొదట్లో ఇది బాగా పనిచేసింది. సత్తుపల్లి బొగ్గు గనుల్లో పెద్ద లారీ నడిపే ఒకాయన కూతురు, రాక్షసుడి బొమ్మను మూలన కూర్చోబెట్టి, ఆకులో ఉత్తుత్తి అన్నం పెట్టింది. రాక్షసుడికి అన్నమెందుకని అడిగితే, "డ్యూటీ దిగొచ్చిండు గదా, ఆకలైతది" అన్నది. తాగి కొట్టే నాన్న మీద ఆ పిల్లకు భయం ఉంది, ప్రేమా ఉంది. రెండూ ఒకే బొమ్మలో పెట్టగలిగింది. ఆ తండ్రిని పిలిచి ఈ మాట చెబితే, ఆయన తల దించుకున్నాడు. తర్వాత ఆ ఇంట్లో కొంచెం నెమ్మది వచ్చింది.

నాకు "బొమ్మల డాక్టరమ్మ" అని పేరొచ్చింది. నేను డాక్టర్ని కాను. కాదని ఎవరికీ చెప్పలేదు. ఆ పిలుపు నాకు నచ్చింది. కథల్లో దారి చూపే పెద్దమ్మ నేనేనని లోపల అనుకునేదాన్ని. జరగబోయేదానికి మొదటి కారణం అదే.

జయ

ఒక ఆశ్రమ పాఠశాల వార్డెన్ జయ అనే పిల్లను చూడమని కబురు పెట్టింది. మూడో తరగతి పిల్ల. తల్లి అంతకు రెండేళ్ల ముందు వానాకాలంలో చనిపోయింది. తండ్రి ముత్తయ్య, అశ్వారావుపేట వైపు పామాయిలు తోటల్లో గెలలు కోసి ట్రాక్టర్లకు ఎత్తే ముఠాలో పనిచేసేవాడు. వారాల తరబడి అక్కడే ఉండేవాడు. ఇంట్లో పిల్లను చూసేవాళ్లు లేక, ఏడాది తిరక్కుండానే నాగమ్మ అనే ఆమెను చేసుకున్నాడు. జయ ఆమెను చిన్నమ్మ అనేది. పిల్లను ఆ ఏడే హాస్టల్లో వేశారు. హాస్టల్లో పక్క తడుపుతోందని, ఎవరితోనూ పలకదని వార్డెన్ చెప్పింది.

బొమ్మలు ముందు పెట్టగానే జయ రాణి బొమ్మను తీసుకుని పడుకోబెట్టి, దాని మీద తన చున్నీ కప్పింది. తర్వాత మంత్రగత్తె బొమ్మను తీసి, రాణి ఉండే ఇంట్లో కూర్చోబెట్టింది. ఎవరామె అని అడిగాను. "చిన్నమ్మ" అన్నది. నాతో అన్న మొదటి మాట అది.

నాకు లోపల ఎంత సంతోషం కలిగిందో చెప్పడానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది. తాళం తెరుచుకుందనుకున్నాను. సవతి తల్లి, బాధపడే పిల్ల, దూరంగా ఉండే తండ్రి. కథ మొత్తం నాకు ముందే తెలిసినట్టు అనిపించింది. నిజంగా ముందే తెలుసు కూడా. చిన్నప్పటి నుంచి విన్న కథే. ఆ పిల్ల ఒక్క మాట అన్నది, మిగతాదంతా నేను నింపుకున్నాను.

చదువుకునే రోజుల్లో పరీక్షలో నేను బాగా రాసిన ప్రశ్నే ఇది. తల్లి చనిపోతే పిల్ల మనసు తల్లిని రెండుగా చేసుకుంటుంది. ప్రేమంతా చనిపోయిన తల్లికి ఇచ్చి, విడిచిపోయిందన్న కోపమంతా ఆ చోటికి వచ్చిన మనిషి మీద పెడుతుంది. అప్పుడే చనిపోయిన తల్లి మచ్చ లేకుండా మిగులుతుంది. అంటే పిల్ల నోట వచ్చిన "మంత్రగత్తె" అన్న మాట ఆ కొత్త మనిషి గురించి ఏమీ చెప్పదు. పిల్ల దుఃఖం గురించి చెబుతుంది. ఇది రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, పిల్ల ఎదురుగా కూర్చుంటే మరిచిపోయాను.

వరండాలో అన్న మాట

నెలకొకసారి ఆదివారం తల్లిదండ్రులు పిల్లలను చూడటానికి వచ్చేవాళ్లు. ఆ ఆదివారం నేను కావాలని వెళ్లాను. ముత్తయ్య వచ్చాడు. అతని వెంట అన్న జోగయ్య వచ్చాడు. నాగమ్మ కూడా వచ్చింది, కానీ గేటు దగ్గరే ఆగిపోయి, టిఫిను డబ్బా మాత్రం జయకిమ్మని పంపింది. ఉడకబెట్టిన గుడ్లు, అన్నం, పప్పు. జయ మెట్ల మీద కూర్చుని డబ్బా మొత్తం ఖాళీ చేసింది. హాస్టల్లో సరిగా తినని పిల్ల అంత ఇష్టంగా తింటుంటే నేనేమనుకోవాలి? నేనేమనుకున్నానో చెప్తాను. భయంతో తింటోందనుకున్నాను. ఒకసారి ఒక మాట మనసులో పెట్టుకున్నాక కళ్లు దానికి సాక్ష్యాలే ఏరుతాయి. వ్యతిరేకంగా కనబడ్డది కూడా సాక్ష్యమే అయిపోతుంది.

గేటు దగ్గరున్న మనిషిని నేను లోపలికి పిలవలేదు.

ముత్తయ్యను వరండాలో నిలబెట్టి మాట్లాడాను. గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి మాట్లాడాల్సిన మాటలు అవి. చుట్టూ వేరే ఊళ్ల వాళ్లు, వాళ్ల ఊరి వాళ్లు కూడా ఉన్నారు. పిల్లకు ఇంట్లో భయంగా ఉందని చెప్పాను. అతనికి అర్థం కాలేదనిపించి ఇంకా తేలిగ్గా చెప్పాలనుకున్నాను.

"మీ పాప కళ్లకు ఆమె మంత్రగత్తె. తెలుస్తోందా? మంత్రగత్తె" అన్నాను.

నా మనసులో అది చీర ముక్కల బొమ్మ. వాళ్లకు అది బొమ్మ కాదు. ఆ మాట పడితే ఊళ్లో ఒక ఆడమనిషికి ఏమవుతుందో నాకు తెలియదనను. పేపర్లో చదివాను, దవాఖానాలో విన్నాను. నేను అన్నప్పుడు దానికి ఆ అర్థం రాదనుకున్నాను. చదువుకున్నవాళ్ల మాట వేరే తీరుగా వినబడుతుందనుకున్నాను.

ముత్తయ్య అన్న జోగయ్య ముందుకొచ్చాడు.

"నిజమేనా మేడం? పిల్ల చెప్పిందా?"

"పిల్లలు అబద్ధం ఆడరు" అన్నాను.

జోగయ్య కొడుకు, ఇంకా పాలు మరవని పిల్లవాడు, అంతకు ముందు వానల్లో జ్వరంతో పోయాడని నాకు తర్వాత తెలిసింది. ఆ జ్వరానికి నాగమ్మ ఏదో వేరు అరగదీసి పట్టిందని, అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె మీద ఒక అనుమానం నలుగుతోందని కూడా తర్వాతే తెలిసింది. అనుమానం చాలా ఊళ్లలో ఉంటుంది, చాలాసార్లు అలాగే చల్లారిపోతుంది. దీనికి నేను దవాఖానా ముద్ర వేసి పంపించాను.

ఆడవాళ్ల వార్డు

వానలు మొదలయ్యాయి. ఊళ్లో మళ్లీ జ్వరాలు వచ్చాయి. ఒక పొద్దున దవాఖానాకు వెళ్లేసరికి ఆడవాళ్ల వార్డు సిస్టరు నా గది ముందు నిలబడి ఉంది. అడవి ఊరి నుంచి ఒకామెను తెచ్చారని, మంత్రాలు చేసిందని కొట్టారని, నన్ను చూడాలంటోందని చెప్పింది. పేరు చెప్పగానే నాకు అర్థమైంది. వస్తానన్నాను. ఆ రోజు వెళ్లలేదు. పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. మరుసటి రోజు సిస్టరు మళ్లీ వచ్చి, నా మొహం చూసి, తలుపు దగ్గరే నిలబడింది. అప్పుడు లేచాను.

నాగమ్మ నాకంటే చిన్నది. ఆమె వయసెంతో అప్పటివరకు నేను ఆలోచించలేదు. మంత్రగత్తె అనగానే ముసలిదే అనుకుని ఉంటాను. మణికట్టుకు కట్టు వేశారు. తల మీద కొంగు గట్టిగా లాక్కుని ఉంది. జుట్టు కత్తిరించారని సిస్టరు ముందే చెప్పింది. ముత్తయ్య అప్పుడు తోటల్లో ఉన్నాడు. కొట్టినవాళ్లలో వాళ్ల వాడకట్టులోని ఇరుగుపొరుగు వాళ్లే ఉన్నారు. ఆమెను ట్రాక్టరులో ఎక్కించి ఇక్కడ దింపింది ఆ ఊరి బడి టీచరు.

"మీరేనా బొమ్మల డాక్టరమ్మ?" అని అడిగింది.

అవునన్నాను.

"నన్ను ఎప్పుడన్న చూసిన్రా?"

హాస్టలు గేటు దగ్గర చూశానన్నాను.

"మాట్లాడిన్రా?"

లేదన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. అర్థం కాని విషయం అడిగినట్టే అడిగింది. "మాట్లాడకుండనే ఎట్ల తెలిసింది మీకు?"

నేను ఏదో చెప్పబోయాను. అది ఆట అనీ, పిల్లల మనసు అనీ. ఆమె వినలేదు. వినాల్సిన అవసరం ఆమెకు లేదు. కొంగు సర్దుకుని, నెమ్మదిగా ఇంకొక మాట చెప్పింది.

"గా మాట మీ నోటి నుంచి వచ్చింది. మీరే వచ్చి కాదని చెప్పాలె. నేను చెప్తే ఎవరు వింటరమ్మా?"

తప్పకుండా వస్తానని మాటిచ్చాను.

పెద్ద డాక్టరు గారి సలహా

నా పై అధికారి ఖమ్మంలో ఉండే పెద్ద డాక్టరు గారు. చెడ్డవారు కాదు. రోగులతో ఓపిగ్గా మాట్లాడేవారు. నా పని మొదలుపెట్టించింది కూడా ఆయనే. జరిగింది చెబితే శ్రద్ధగా విన్నారు. కొట్టినవాళ్ల సంగతి పోలీసులు చూసుకుంటారని, నేను ఊళ్లోకి వెళ్లి నా మాట తప్పని చెప్పడం మాత్రం మంచిది కాదని అన్నారు.

"నువ్వు చెప్పింది తప్పని నువ్వే ఒప్పుకుంటే, రేపు మన దగ్గరికి ఏ తల్లి పిల్లను తీసుకొస్తుంది? ఈ డిపార్ట్‌మెంటు నిలబడటానికే పదేళ్లు పట్టింది. కొన్నాళ్లు ఆగు, అదే సద్దుమణుగుతుంది."

ఇక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు ఒక విషయం గమనించాలి. ఆయన నన్ను ఆపలేదు. సలహా చెప్పారు. నేను ఆగాను. అంతకు ముందు ఆయన సలహాలు చాలా వాటిని పక్కన పెట్టి నాకు తోచినట్టు చేసినదాన్నే. ఈ ఒక్కటి వెంటనే పాటించాను. వానలు తగ్గనీ, ఊరి దారిలో వాగు పొంగు తీయనీ అనుకున్నాను. వరండాలో అన్న మాట పొరపాటు అనుకోవచ్చు. ఈ ఆగడం పొరపాటు కాదు. ఏం చేస్తున్నానో తెలిసే చేశాను. నాకు ఎక్కువ సిగ్గుగా ఉండేది దీనికే.

నేను వాగు తీయడం కోసం చూస్తుండగా నాగమ్మను డిశ్చార్జి చేశారు. ఆమె ఊరికి వెళ్లలేదు. సత్తుపల్లి దగ్గర తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది.

పిల్ల చేతులు

హాస్టలు నుంచి మళ్లీ కబురొచ్చింది. జయ అన్నం ముట్టడం లేదు. వెళ్లి చూస్తే, పిల్ల రెండు చేతులూ చంకల్లో దాచుకుని గోడవార కూర్చుని ఉంది. పలక పట్టుకోదు, కంచం పట్టుకోదు, పక్క పిల్లలను తగలనివ్వదు. జడ వేయబోతే ఏడుస్తుంది. దసరా సెలవులకు ఇంటికి వెళ్లొచ్చిన ఊరి పిల్లలు జరిగిందంతా చెప్పారని వార్డెన్ అన్నది.

పక్కన కింద కూర్చున్నాను. బొమ్మలు తీసుకెళ్లలేదు. చివరికి తనే అన్నది.

"నేను ముట్టుకుంటే పోతరు."

కొంచెం కొంచెంగా తెలిసింది. అమ్మ సంతకు వెళ్తూ తనను తీసుకెళ్లలేదని ఒక రోజు జయకు బాగా కోపమొచ్చింది. పోతే పో అనుకుంది. ఆ వానల్లోనే అమ్మ జ్వరంతో పోయింది. తర్వాత చిన్నమ్మ మీద కోపంతో ఆ బొమ్మ పట్టుకుంది. చిన్నమ్మ కూడా పోయింది. ఆ వయసు పిల్లలు మనసులో అనుకున్నది బయట జరిగిపోతుందని నమ్ముతారు. అది జబ్బు కాదు, పెరిగేటప్పుడు అందరూ దాటే మెట్టు. పెద్దవాళ్లు చుట్టూ నిలకడగా ఉంటే, కోప్పడ్డా అమ్మ సాయంత్రానికి ఇంటికి వస్తూ ఉంటే, ఆ నమ్మకం దానంతట అదే ఊడిపోతుంది. జయకు అమ్మ రాలేదు. ఆ తర్వాత నేను వచ్చి, నిజమే, నువ్వు తలుచుకుంటే మనుషులు పోతారని రుజువు చేసి చూపించాను. పక్క తడిపే పిల్లను బాగు చేయమని నాకప్పగిస్తే, తనే మంత్రగత్తెనని అనుకునే పిల్లను చేసి ఇచ్చాను.

ఆ రోజు నాకు చదువు ఏదీ గుర్తు రాలేదు. మంచిదే అయింది. నిజం చెప్పాను. చిన్నమ్మ పోయింది నువ్వు బొమ్మ పట్టుకున్నందుకు కాదు, నేను నలుగురిలో తప్పు మాట మాట్లాడినందుకని చెప్పాను. నీ చెయ్యి ఏమీ చేయలేదు, నా నోరు చేసిందన్నాను.

జయ నా మొహంలోకి చూసింది. పెద్దవాళ్లు తప్పు చేస్తారన్న సంగతి ఆ పిల్లకు కొత్తగా ఉన్నట్టుంది.

"మరి మీరు పోయి చెప్పిన్రా?" అని అడిగింది.

మరుసటి రోజే బయలుదేరాను. పెద్ద డాక్టరు గారికి చెప్పలేదు.

ఊరిలో

జీపు వాగు దాకానే వెళ్లింది. అక్కడి నుంచి బడి టీచరు తోడు రాగా నడిచాను. కొత్త పంట ఇంటికి తెచ్చుకునే రోజులు. చేల నుంచి వచ్చాక అందరూ ఊరిపెద్ద పటేలు ఇంటి ముందు కూర్చున్నారు. నాకు మంచం వేశారు, నీళ్లిచ్చారు. చెప్పడానికి వచ్చిందేమిటో వాళ్లకు తెలియదు కాబట్టి మర్యాదగానే చూశారు.

నేను డాక్టర్ని కానని ముందు చెప్పాను. నాగమ్మతో నేను ఒక్కసారి కూడా మాట్లాడలేదని, ఆమె గురించి నాకేమీ తెలియకుండానే ఆ మాట అన్నానని చెప్పాను. అమ్మ పోయిన దుఃఖంలో పిల్ల ఆడుకున్న ఆట అదని, దాన్ని ఆమె మీద వేసింది నేనేనని చెప్పాను. టీచరు వాళ్ల భాషలో మళ్లీ చెప్పాడు.

ఎవరూ అరవలేదు. జోగయ్య లేచాడు. కొట్టినవాళ్లలో అతను ముందున్నాడని నాకు తెలుసు. గట్టిగా మాట్లాడతాడనుకున్నాను. అతని గొంతు మామూలుగానే ఉంది.

"ఆనాడు పిల్లలు అబద్ధమాడరన్నరు. ఇయ్యాలేమో ఆట అంటున్నరు. మీరు ఏది చెప్తే అది నమ్మాల్నా మేడం?"

ఆనాడు చెప్పింది తప్పన్నాను. అతను నేలకేసి చూస్తూ ఇంకొకటి అడిగాడు.

"అయితే నా కొడుకు ఊరికెనే పోయిండా?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. జ్వరం వల్ల పోయాడు, వాగు పొంగి దవాఖానాకు తేలేకపోవడం వల్ల పోయాడు. అదే చెప్పాను. చెప్తుంటే అది ఎంత చిన్న జవాబో నాకే తెలిసింది. పిల్లవాడిని పోగొట్టుకున్న మనిషికి ఒక రాక్షసుడు కావాలి. పగ తీర్చుకోవడానికి మొహం ఉన్నది ఏదో ఒకటి కావాలి. దోమను, వాగును ఎవరు కొడతారు? కథల్లో రాక్షసుడు ఎందుకుంటాడో నాకు కాలేజీలో కంటే అక్కడ బాగా అర్థమైంది. అర్థమైందని అతను చేసింది ఒప్పు కాదు. అతని చేతికి కర్ర అందించింది నేనన్నది మాత్రం అంతకంటే స్పష్టంగా కనబడింది.

పటేలు భార్య, పెద్దావిడ, నాగమ్మ తిరిగొస్తే ఎవరూ జోలికి పోరని చెప్పింది. ఆ మాట మీద ముత్తయ్య సత్తుపల్లి వెళ్లాడు. నాగమ్మ రాలేదు. ఇయ్యాల కాదన్నోళ్లు రేపు ఇంకో పిల్లకు జ్వరమొస్తే ఏమంటారని అడిగిందట. అవునన్నప్పుడు నా మాటకు ఉన్న బలం కాదన్నప్పుడు లేదు. మాట వెనక్కి తీసుకోవచ్చని అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కొంతకాలానికి ముత్తయ్యే ఊరు వదిలాడు. పొలం అన్నకు అప్పజెప్పి, నాగమ్మను తీసుకుని అశ్వారావుపేటలో కిరాయికి ఉన్నాడు. ఇద్దరూ తోటల పనికి పోయేవాళ్లు.

చేరేవాళ్లకు

ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఇదే పని చేశాను. బొమ్మలు మానలేదు. కథల్లోని పాత్రలు పిల్లలకు నిజంగానే పనికొస్తాయి. పెద్ద భయాన్ని చిన్న బొమ్మలో పెట్టి చేత్తో పట్టుకోగలగడం తక్కువ మేలు కాదు. కానీ బొమ్మకు పెట్టిన పేరు ఆ గది దాటి పోకూడదు. పాత్ర అంటే మనిషి కాదు. పిల్ల ఈ రోజు మంత్రగత్తె అన్నవాళ్లను రేపు రాణి చేస్తుంది, ఎల్లుండి దారి చూపే పెద్దమ్మను చేస్తుంది. పిల్లకు ఆ తీరిక ఇవ్వాలి. మనం తొందరపడి ఒక్క రోజు బొమ్మను పట్టుకుని ఊరేగకూడదు.

ఇంట్లో నిజంగా పిల్లను హింసించేవాళ్లు ఉండరా అని మీరు అడగవచ్చు. ఉంటారు. నేను చూశాను, పోలీసులను పిలిచాను, పిల్లలను బయటికి తెచ్చాను. కానీ అది ఆట చూసి చెప్పలేం. ఆ ఇంటికి వెళ్లాలి, ఆ మనిషితో కూర్చుని మాట్లాడాలి. నాగమ్మ అడిగిన ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండాలి.

ఇంకొకటి. మనకు మనం ఏ పాత్ర ఇచ్చుకున్నామో చూసుకోవాలి. నేను మంచి పెద్దమ్మ పాత్రలో కూర్చున్నాను. ఆ పాత్ర నిలబడాలంటే ఎదురుగా చెడ్డదొకతె ఉండాలి. లేకపోతే నేను రక్షించడానికి ఏమీ ఉండదు. అందుకే గేటు దగ్గరున్న మనిషిని చూడగానే ఆ చెడ్డ పాత్ర అప్పజెప్పాను.

అశ్వారావుపేట

జయ చేతులు బయటికి తీయడానికి చాలాకాలం పట్టింది. నేను చేసింది తక్కువ. వార్డెన్ ఓపిగ్గా అన్నం కలిపి తినిపించింది. ముత్తయ్య సంక్రాంతి సెలవులకు వచ్చి పిల్లను అశ్వారావుపేట తీసుకెళ్లాడు. చిన్నమ్మ బతికే ఉందని, తనను చూసి పారిపోలేదని కళ్లతో చూశాక పిల్ల కుదుటపడింది. నాగమ్మ పిల్లను ఏమీ అనలేదట. పెరిగిన జుట్టును చూపించి, మళ్లీ వచ్చింది చూడు అన్నదట. ఆ తర్వాత ప్రతి సెలవుకూ అక్కడికే వెళ్లేది. పెద్దయ్యాక నర్సు ట్రైనింగ్ చేసింది. ఇప్పుడు అడవి ఊళ్లలో జ్వరాల మందులు పంచే ఉద్యోగంలో ఉంది.

నేను రిటైరయ్యాక ఒకసారి భద్రాచలం బస్టాండులో కనబడింది. తనే వచ్చి పలకరించింది. పక్కపక్కన కూర్చుని బస్సు వచ్చేదాకా మాట్లాడుకున్నాం. నాన్న పోయాడని, చిన్నమ్మ అశ్వారావుపేటలో తన దగ్గరే ఉంటోందని చెప్పింది. నేను చాలా ఏళ్లుగా మనసులో పెట్టుకున్నది అడిగాను. ఒకసారి అశ్వారావుపేట వచ్చి నాగమ్మను చూస్తాను, ఆమె ముందు క్షమాపణ చెప్పుకోవాలని ఉందన్నాను. జయ వెంటనే అవునని అనలేదు. అడిగి చెప్తానన్నది.

కొన్నాళ్లకు ఫోను చేసింది. చిన్నమ్మకు మీ మీద కోపం లేదని ముందు చెప్పింది. తర్వాత ఇలా అన్నది.

"ఇక్కడ వాడకట్టులో ఎవరికీ గా సంగతి తెల్వదు మేడం. మీరొస్తే ఎవరొచ్చిన్రు, ఎందుకొచ్చిన్రు అని అడుగుతరు. చిన్నమ్మ ఏమని చెప్పాలె? గందుకే రావద్దంటున్నది. మీకు గట్ల చెప్పమన్నది."

సరేనన్నాను. అశ్వారావుపేట మా ఇంటికి దూరం కాదు. బస్సులు ఎప్పుడూ ఉంటాయి. నేను వెళ్లలేదు. నాగమ్మ నన్ను కోరిన రెండు కోరికల్లో ఆలస్యం చేయకుండా తీర్చింది ఇదొక్కటే.